మేకు ఎలక్ట్రోమాగ్నెట్: సూదులు సరిగ్గా ఎత్తదు, ఎత్తినవి వదలదు

మారతహళ్ళి_అమ్మ (బెంగళూరు)

మా పాప ఆరో తరగతి. సోమవారం స్కూల్లో ఎలక్ట్రోమాగ్నెట్ చేసి చూపించాలట. ఎస్పీ రోడ్డులో 24 గేజ్ ఎనామిల్ (పైన ఇన్సులేషన్ పూత ఉన్న) రాగి వైరు తెచ్చాం. ఫోటో ఫ్రేములు తగిలించగా మిగిలిన కాంక్రీటు మేకు ఒకటుంటే దానికి వంద చుట్లు చుట్టాం. 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ముక్కీ మూలిగీ రెండు గుండుసూదులు ఎత్తింది. కాసేపటికే బ్యాటరీ చెయ్యి పెట్టనివ్వట్లేదు. పైగా వైరు తీసేశాక కూడా ఆ సూదులు మేకుని పట్టుకునే ఉన్నాయి! కరెంటు ఆపితే అయస్కాంతం పోవాలి కదమ్మా అని పాప నన్ను నిలదీస్తోంది. మా వారేమో బైకు బ్యాటరీకి తగిలిద్దాం, 12 వోల్టులు, దెబ్బకి లేస్తాయి అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వైండింగ్_బాబాయ్ (చెన్నై, అంబత్తూరు)

ముందు మీ వారిని బైకు దగ్గర్నుంచి ఇవతలకి రమ్మనండమ్మా. వంద చుట్లంటే మహా అయితే రెండు మీటర్ల వైరు. 24 గేజ్ రాగికి రెండు మీటర్ల మీద రెసిస్టెన్స్ 0.14 ఓమ్. 12ని దాంతో భాగించండి, 85 ఆంపియర్లు. అందులో సగం పారినా ఎనామిల్ మాడి పొగ లేస్తుంది, పిల్ల చేతులు కాలతాయి. గోడ ప్లగ్గు సంగతి అయితే అసలు ఆలోచనే వద్దు.

మీ బ్యాటరీ వేడెక్కిందంటే కరెంటు పారుతోందనే లెక్క, అంటే కొసల్లో ఎనామిల్ బాగానే గీకారు. చాలామంది అక్కడే దెబ్బతింటారు. అయస్కాంతం బలం వోల్టులతో రాదు, ఆంపియర్లని చుట్లతో హెచ్చవేస్తే వస్తుంది. ఆ 9 వోల్టుల డబ్బాలో ఉండేవి చిన్న చిన్న సెల్లులు ఆరు, వరసగా. వాటి లోపలి రెసిస్టెన్సే మీ కాయిల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వోల్టులన్నీ లోపలే ఖర్చైపోయి డబ్బా వేడెక్కుతుంది, కాయిల్‌కి మిగిలేది కొసరు. పెద్ద టార్చి సెల్లు ఒక్కటి, 1.5 వోల్టులదే, తీసుకోండి. ఆంపియర్లు అదే బాగా తోస్తుంది. ఒక్కోసారి రెండు మూడు సెకన్లకి మించి ఉంచకండి, అది కూడా వేడెక్కుతుంది.

ఇంకోటి. వంద చుట్లు ఒక్క లేయర్‌లో పట్టాయా, రెండు వేశారా? రెండైతే, వెనక్కి వచ్చేటప్పుడు కూడా చుట్టే దిక్కు మారకూడదు. మొదటి లేయర్ మేకు పైనుంచి అవతలికి తిప్పితే రెండోది కూడా పైనుంచి అవతలికే. మా షాపుకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు కొస దగ్గర ఆగి, వైరు మడిచి ఎదురు తిప్పేస్తుంటారు. పైనున్న చుట్లు కిందున్నవాటి బలాన్ని కొట్టేస్తాయి, చూడ్డానికి మాత్రం కాయిల్ ముద్దుగానే ఉంటుంది!

ఇక వదలకపోవడం. అది మేకు తప్పు. కాంక్రీటు మేకు గట్టిపరిచిన ఉక్కు. ఇనుము లోపల డొమైన్లని చిన్న చిన్న భాగాలుంటాయి, ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం. కరెంటు వాటిని ఒక దిక్కుకి తిప్పుతుంది. మెత్తటి ఇనుములో కరెంటు పోగానే మళ్ళీ చెదిరిపోతాయి, గట్టి ఉక్కులో తిరిగినవి తిరిగినట్టే ఉండిపోతాయి. మోటారు స్టాంపింగులకి, అంటే లోపలి ఇనుప రేకులకి, తేలిగ్గా దిక్కు మార్చుకునే సిలికాన్ స్టీలు వాడేది అందుకే. మన 50 సైకిళ్ళ (హెర్ట్జ్) కరెంటుకి దిక్కు సెకనుకి 100 సార్లు మారాలి. మొండి ఉక్కు పెడితే ఆ పెనుగులాటంతా వేడే.

బెంగళూరులో ఏ వీధికి పోయినా ఏదో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది కదా. సెంట్రింగ్ వాళ్ళు కడ్డీలు కట్టే నల్లటి బైండింగ్ వైరు ఒక మూర అడగండి. కాల్చి మెత్తబరిచిన ఇనుము అది. వేలంత పొడవు ముక్కలు చేసి కట్ట కట్టి, టేపు చుట్టి, దాని మీద కాయిల్ వెయ్యండి.

కోడ్_రాసుకునేవాడు (బెంగళూరు)

బాబాయ్, వోల్టేజ్ పెరిగితే కరెంటు పెరగాలి కదా? ఓమ్స్ లా మాకూ చెప్పారు.

వైండింగ్_బాబాయ్

చెప్పారు నాయనా, బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ కూడా కలిపి భాగించమని చెప్పలేదేమో.

ఫిజిక్స్_టీచరమ్మ (చెన్నై, వేలచ్చేరి)

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. 1820లో అయర్‌స్టెడ్ కరెంటు వైరు పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. ఐదేళ్ళకి, 1825లో, ఇంగ్లండులో స్టర్జన్ గుర్రపు నాడాలా వంచిన ఇనుముతో ఎలక్ట్రోమాగ్నెట్ చేశాడు. సుమారు 200 గ్రాముల ఇనుము, ఒక్కటే సెల్లు, ఎత్తింది 4 కిలోలు! అప్పటికి ఎనామిల్ వైరు ఎక్కడిది, అతను ఇనుముకే వార్నిష్ పూసి బోడి వైరు చుట్టాడు. తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ వైరుకే ఇన్సులేషన్ వేసి లేయర్ల మీద లేయర్లు చుట్టాడు. మీ పాప కట్టని కూడా యూ ఆకారంలో వంచితే రెండు ధ్రువాలూ పనిచేస్తాయి.

ఫోన్లో ఏదైనా మాగ్నెటోమీటర్ యాప్ తెరవమనండి. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లా చుట్టుపక్కల చూపిస్తుంది. కాయిల్‌ని ఒక జానెడు దూరంలో పెట్టి సెల్లు తగిలిస్తే అంకె మారుతుంది. సెల్లు తిప్పి పెడితే మార్పు రెండో వైపుకి. స్కూల్లో సూదుల కన్నా దీన్నే ఎక్కువ మంది గుమిగూడి చూస్తారు. ఫోన్ని కాయిల్‌కి ఆనించొద్దు, దిక్సూచి యాప్ కాసేపు తికమక పడుతుంది.

మారతహళ్ళి_అమ్మ

బైండింగ్ వైరు మా సందు చివర అపార్ట్‌మెంటు కడుతున్న మేస్త్రీ ఊరికే ఇచ్చాడు, పిల్లకి ప్రాజెక్టు అంటే నవ్వాడు కూడా. టార్చి సెల్లుకి తగిలిస్తే సూదులు గుత్తిగా లేచాయి! తీసేస్తే పడిపోతున్నాయి. ఒక్క సూది మాత్రం ఇంకా వేలాడుతోంది. అది కూడా వదలాలంటే?

వైండింగ్_బాబాయ్

కాస్త మిగులు ఏ ఇనుములోనైనా ఉంటుందమ్మా. సెల్లు తిప్పి పట్టుకుని, వైరు కొస చటుక్కున తాకించి తీసెయ్యమనండి. ఎక్కువసేపు ఆనిస్తే ఎదురు దిక్కులో మళ్ళీ పట్టేస్తుంది.