‘తాగి నడపడం’ ఉంది. ‘నల్లగా పుట్టి నడపడం’ అనే దానికి తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం. ఒక మాట కోసం మీ దగ్గరికి వచ్చాను.

నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడ కొత్తగా కారు లైసెన్సు తీసుకునే మన పిల్లల కోసం, వాళ్ల పక్క సీట్లో కూర్చునే అమ్మానాన్నల కోసం నాలుగు పేజీల తెలుగు కరపత్రం రాస్తున్నాం. పోలీసు ఆపితే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది విషయం. అంతా బాగానే సాగింది గానీ ‘రేషియల్ ప్రొఫైలింగ్’ దగ్గర, అంటే పోలీసులు మనిషి రంగునో జాతినో చూసి అనుమానించడం దగ్గర, పెన్ను ఆగిపోయింది. వారం అయింది, ఇంకా అక్కడే ఉన్నాను.

మన పేపర్లు దీన్ని ‘జాతి వివక్ష’ అని రాసేస్తాయి. నాకు తృప్తిగా లేదు. ఇల్లు అద్దెకు ఇవ్వకపోతే వివక్ష. ఉద్యోగంలో పక్కన పెడితే వివక్ష. రోడ్డు మీద జరిగే పని అంతకన్నా విడ్డూరమైనది. మామూలుగా నేరం జరిగాక మనిషిని వెతుకుతారు. ఇక్కడ ముందు మనిషిని చూస్తారు, తరువాత అతని దగ్గర నేరం వెతుకుతారు. వరుస తిరగబడింది. ఆ తిరగబడడం మాటలో వినిపించాలి కదా! పైగా ‘జాతి’ మనకు చాలా బరువులు మోసే మాట. జాతిపిత అన్నా జాతే, జాతి కోడి అన్నా జాతే.

‘ఆనవాలు’ మీద మాట కట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కాసేపు ఆశపడ్డాను. కానీ ఆనవాలు అంటే ఏమిటి? హనుమంతుడు సీతమ్మకు చూపించిన ఉంగరం ఆనవాలు. ఈ మనిషి ఫలానా వాడే, వేరొకరు కాదు అని తేల్చేది. రంగు అలా దేన్నీ తేల్చదు. కోట్లమందికి ఉన్న రంగును ఒక్కడి మీద ఆనవాలుగా వాడడమే కదా ఇక్కడి అన్యాయం. అంత మంచి మాటను దీనికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

అమెరికాలో నల్లవాళ్లు దీనికి తమ సొంత మాట పెట్టుకున్నారు: డ్రైవింగ్ వైల్ బ్లాక్. తాగి నడిపితే రాసే కేసు పేరును (డ్రైవింగ్ వైల్ ఇంటాక్సికేటెడ్) అనుకరిస్తూ పుట్టిన మాట. నాకు ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, ఇది తెలుగులోకి ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేస్తుంది. తాగి నడపడం, నల్లగా పుట్టి నడపడం. రెండూ క్త్వార్థకాలే, అంటే ఒక పని అయ్యాక ఇంకో పని అని చెప్పే రూపాలే. అదే ‘-ఇ’. తెలుగులో ఇంకో సంగతి కూడా బయటపడుతోంది. ‘తాగి’ అన్నది మనిషి చేసిన పని, మానుకోగలిగిన పని. ‘పుట్టి’ అన్నది ఎవరు మానుకోగలరు? వ్యాకరణం రెంటినీ ఒకే గాటన కట్టేసరికి, చట్టం చేతిలో జరిగేది కళ్లకు కట్టినట్టుంది. ఈ మాటను కరపత్రంలో తప్పకుండా పెడతాను. కానీ ఇది బాధపడ్డవాళ్లు అనే మాట. పోలీసు చేసే పనికి కూడా ఒక పేరు కావాలి. మీకేమైనా తోస్తే చెప్పండి.

వ్యాఖ్య (తెనాలి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు): అమ్మాయీ, పేరు తరువాత పెట్టుకోవచ్చు. అసలు రోడ్డు మీద ఏం జరుగుతుందో వరుసగా చెప్పు. బండి ఆపిన పోలీసు మొదటి మాట ఏమంటాడు?

నా జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. మాకు జరిగిందే చెప్తాను.

పోయిన ఏడాది మా అబ్బాయి బండి నడుపుతున్నాడు, పదిహేడేళ్లవాడు. పక్కన నేను. సాయంత్రం ఆరున్నర. వెనక ఎర్రలైటు, నీలంలైటు తిరిగాయి. వాడు పక్కకు తీసి ఇంజను ఆపి, లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పైకి కనబడేలా పెట్టాడు. నేను ఇన్సూరెన్సు కాగితం తీద్దామని ముందున్న అర మీద చెయ్యి వేశాను. వాడు తల తిప్పకుండానే, చాలా నెమ్మదిగా, ‘అమ్మా, కదలకు’ అన్నాడు. వాడి గొంతు అలా ఉండడం అంతకు ముందెప్పుడూ వినలేదు.

ఆఫీసరు వచ్చి చూపించింది అద్దానికి వేలాడుతున్న వెంకన్న లాకెట్టుని. కారు పూజ రోజు మా అమ్మ కట్టింది. చూపుకి అడ్డమట. అది అయిపోయాక, కారు ఎవరిది, ఎక్కడి నుంచి వస్తున్నారు, వెనక సీట్లో సంచిలో ఏముంది అని అడిగాడు. సంచిలో కూరగాయలు. హెచ్చరించి పంపేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మావాడు చామనచాయలో నాలుగు పాళ్లు నలుపు. రంగు చూసే ఆపాడా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. ఆ ఒక్క ఘటనలో ఎవరూ చెప్పలేరు. లాకెట్టు మాత్రం నిజంగానే వేలాడుతోంది.

ఇంటికొచ్చాక అడిగాను, చేతులు అలా పెట్టడం ఎవరు నేర్పారని. స్కూల్లో వాడి నల్ల స్నేహితుడి తల్లి నేర్పిందట. తన కొడుక్కి చెబుతూ, పక్కనే కూర్చున్న మావాడికీ చెప్పింది. ఆ పిల్లవాణ్ణి అప్పటికి నాలుగుసార్లు ఆపారు. నాకు చెప్పాలనే తోచని జాగ్రత్తను ఆవిడ నా బిడ్డకు చెప్పింది. మన ఇళ్లల్లో నల్లవాళ్ల గురించి ఏ మాటలు వాడతామో మనకు తెలుసు. ఆ రాత్రి సిగ్గుపడ్డాను.

వ్యాఖ్య (మాస్టారు): అయితే నీకు కావలసిన మాట ‘నెపం’. సాకు అనకు. సాకు పని తప్పించుకునేవాడు చెప్పుకునేది, బడి ఎగ్గొట్టే పిల్లాడిది. నెపం ఎదుటివాడి మీదికి వెళ్తుంది. ‘ఫలానా నెపంతో పట్టుకున్నారు’ అంటాం, ‘నెపం వాడి మీదికి నెట్టారు’ అనీ అంటాం. మిష అన్నా అర్థం వస్తుంది గానీ పుస్తకాల వాసన.

నా జవాబు: మాస్టారూ, పాదాభివందనం. ఇదే.

ఎందుకు ఇదేనో చెప్పాలి. 1996లో అమెరికా సుప్రీంకోర్టు రెన్ కేసులో తీర్పిచ్చింది. వాషింగ్టన్‌లో ఇద్దరు నల్ల యువకుల బండి స్టాప్ గుర్తు దగ్గర ఇరవై సెకన్లకు పైగా ఆగింది, సిగ్నల్ వేయకుండా తిరిగింది. మఫ్టీలో ఉన్న డ్రగ్స్ పోలీసులు ఆపారు. సివిల్ దుస్తుల్లో ఉన్నవాళ్లు ట్రాఫిక్ తప్పులకు బండ్లు ఆపడం వాళ్ల డిపార్టుమెంటు నియమాల్లోనే లేదు, అత్యవసరమైతే తప్ప. కోర్టు ఏకగ్రీవంగా ఏమందంటే, ట్రాఫిక్ తప్పు నిజంగా ఉంటే చాలు, ఆపినవాడి మనసులో అసలు ఉద్దేశం ఏమిటన్నది ఆ ఆపడం సమంజసమా కాదా తేల్చడానికి లెక్కలోకి రాదని. రంగును బట్టి ఆపితే సమానత్వ హక్కు కింద వేరే దావా వేసుకోవచ్చని కూడా అంది. మనసులో ఉన్నదాన్ని ఎలా నిరూపిస్తారు? ట్రాఫిక్ నియమాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఏ బండినైనా రెండు మైళ్లు వెంబడిస్తే ఒక నెపం దొరుకుతుంది. నెంబరు ప్లేటు చుట్టూ డీలరు బిగించిన ఫ్రేము, ఆరిపోయిన చిన్న బల్బు, అద్దానికి వేలాడే వాసన బిళ్ల (ఎయిర్ ఫ్రెషనర్). 2021లో మిన్నెసోటాలో ఆపినప్పుడు డాంటే రైట్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు తల్లికి ఫోన్ చేసి ఆ వాసన బిళ్ల సంగతే చెప్పాడు. ఆ ఫోను పెట్టేసిన కాసేపటికే పోలీసు తూటాకు చనిపోయాడు. వర్జీనియా రాష్ట్రం అదే ఏడాది నుంచి, కేవలం అద్దానికి ఏదో వేలాడుతోందని బండి ఆపకూడదని చట్టం చేసింది. నెపాల సంచీలోంచి ఒక నెపం తీసేశారన్నమాట.

వ్యాఖ్య (హైదరాబాద్ నుంచి): అక్కా, ఇంత కష్టం ఎందుకు? మనకు ‘తనిఖీ’ ఉంది. వాహన తనిఖీలు అని రోజూ పేపర్లో వస్తుంది. డ్రంకెన్ డ్రైవ్ లాగా ప్రొఫైలింగ్‌నీ అలాగే ఉంచేసినా జనానికి అర్థమైపోతుంది.

నా జవాబు: తమ్ముడూ, తనిఖీ అంటే వరసగా వచ్చే బండ్లన్నీ చూడడం. మంత్రి గారి కారు కూడా ఆగాలి. ఒక్కడిని ఏరి చూస్తే దానికి మనకు వేరే మాట ఉంది, సోదా. ఇల్లు సోదా చేశారంటే వీధంతా తలుపులు తీసి చూస్తుంది. అవమానం ఆ మాటలోనే ఉంది. ఇక ప్రొఫైలింగ్ అని ఉంచేస్తే, మా అత్తగారి లాంటి వాళ్లకు అది ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫొటో లాగా వినబడుతుంది.

వ్యాఖ్య (డాలస్ నుంచి): ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. తప్పు చేయనివాడికి భయం దేనికి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అని మన పెద్దలు ఊరికే అన్నారా? పోలీసుకి అనుభవం ఉంటుంది, మొహం చూస్తే తెలిసిపోతుంది.

నా జవాబు: మీ సామెత మీదే మాట్లాడుకుందాం. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. భుజాన మోసుకుపోతే అది అంటుతుంది. దొంగకు ఆ సంగతి తెలుసు కాబట్టి చెయ్యి భుజం మీదికి పోతుంది. అంటే ఈ సామెతలో పొడి అంటినవాడు దొంగ ఒక్కడే. మరి అయిదుసార్లు ఏ తప్పూ లేకుండా రోడ్డు పక్కన నిలబెట్టబడినవాడి సంగతేమిటి? ఆరోసారి లైటు తిరగ్గానే వాడి చెయ్యి కూడా భుజం మీదికి పోతుంది. ఆ పొడి వాడికి పోలీసే అంటించాడు. ఇక్కడి కోర్టులు ‘కంగారుగా కనిపించాడు’ అన్నదాన్ని అనుమానానికి ఒక ఆధారంగా లెక్కలోకి తీసుకుంటాయి, 2000లో సుప్రీంకోర్టే ఆ మాట అంది. భయపెట్టిందీ వాళ్లే, భయం చూసి అనుమానించేదీ వాళ్లే.

అనుభవం సంగతికొస్తే, 1992లో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్ల లాయరు షికాగోలో తాతగారి అంత్యక్రియలకు వెళ్లి, కుటుంబంతో అద్దెకారులో తిరిగి వస్తుంటే మేరీలాండ్‌లో ఆపారు. సోదాకి ఒప్పుకోనని చట్టం చెప్పాడు. మత్తుమందులు వాసన పట్టే కుక్కను తెప్పించారు. కుటుంబాన్ని వానలో రోడ్డు పక్కన నిలబెట్టి కారు చుట్టూ కుక్కను తిప్పారు. ఏమీ దొరకలేదు. ఆయన దావా వేశాడు. రాజీలో భాగంగా పోలీసులు తమ సోదాల లెక్కలు కోర్టుకు చూపించాల్సి వచ్చింది. బాల్టిమోర్‌కి ఉత్తరాన ఐ-95 అనే పెద్ద రహదారి మీద నడిపేవాళ్లలో నల్లవాళ్లు సుమారు 17 శాతం. సోదా చేసినవాళ్లలో 70 శాతానికి పైన. మత్తుమందుల లాంటి సరుకు దొరికిన పాళ్లు మాత్రం తెల్లవాళ్ల దగ్గరా నల్లవాళ్ల దగ్గరా దాదాపు సమానం. మొహం చూస్తే తెలిసేదే అయితే ఆ పాళ్లు అలా ఎందుకుంటాయి? విల్కిన్స్ ఇప్పుడు ఫెడరల్ అప్పీలు కోర్టులో జడ్జి.

ఇంకోటి చెప్పి ఊరుకుంటాను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు పది కోట్ల ట్రాఫిక్ ఆపివేతల్ని పోగేసి, 2020లో ఫలితాలు ప్రచురించారు. సాయంత్రం ఏడింటికి ఎండాకాలంలో వెలుగుంటుంది, చలికాలంలో చీకటి పడిపోతుంది. గడియారంలో అదే సమయం. చీకటి పడ్డాక ఆపినవాళ్లలో నల్లవాళ్ల వాటా తగ్గింది. డ్రైవరు మొహం కనబడకపోతే అనుభవం కూడా పనిచేయదన్నమాట.

వ్యాఖ్య (బాపట్ల నుంచి): అమ్మా, నేను స్టూవర్టుపురం పక్క ఊరివాణ్ణి. మీ చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, ఎరుకల కుటుంబాల్ని మా పక్కన సెటిల్‌మెంటులో పెట్టారు. పోలీసులకు హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆ తెగలో పుడితే చాలు, పసిబిడ్డ కూడా నేరస్థుడి లెక్కే. ఆ చట్టం ఎత్తేసి 1952లో వాళ్లను విముక్త జాతులు అన్నారు. నా చిన్నతనంలో కూడా పక్క ఊళ్లో దొంగతనం జరిగితే జీపు ముందు అటే వెళ్లేది. ‘పుట్టి నడపడం’ అని మీరు రాసిన చోట నాకు వాళ్ల మొహాలు కనబడ్డాయి.

నా జవాబు: అన్నయ్యా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ‘పుట్టుదొంగ’ అనే తిట్టును మనం ఎంత తేలిగ్గా వాడతామో ఇప్పుడు తెలుస్తోంది. మీ వ్యాఖ్య ఉన్నదున్నట్టు కరపత్రం చివరి పేజీలో వేసుకోవచ్చా? మీ పేరు వేయను.

ఇక కరపత్రంలో ఇలా రాశాను, చూడండి: ‘రంగు చూసి అనుమానించి, చిన్న నెపం మీద బండి ఆపడం.’ పొడుగే, ఒప్పుకుంటాను. శీర్షికకు మాత్రం ‘నెపపు సోదా’ అని పెట్టాను. మావాడు చదివి, నెపం అంటే ఏమిటని అడిగాడు. అద్దం కేసి చూపించాను. లాకెట్టు ఇప్పుడు అక్కడ లేదు, గేరు పక్కన చిన్న గిన్నెలో పెట్టుకున్నాం. వాడికి వెంటనే అర్థమైంది.

ఒక్క సందేహం మిగిలింది. ‘నెపం మీద’ అనాలా, ‘నెపాన’ అనాలా? మా గుంటూరు వైపు రెండూ విన్నాను. ఉత్తరాంధ్ర, తెలంగాణ వాళ్లు ఏమంటారో చెప్పండి. శుక్రవారం ప్రింటుకి వెళ్తోంది.