చావు భయంతో మొదలుపెట్టిన వ్యాయామం నిలబడాలంటే ఏం చేయాలి?

తెలిసినవాళ్లెవరైనా హఠాత్తుగా పోయారని వింటే మర్నాడే బూట్లు వేసుకుని నడకకు బయలుదేరతాను. ఆ భయం చల్లారగానే బూట్లు మళ్లీ మూలకు చేరతాయి.

గోల్డెన్‌బర్గ్, ఆర్న్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, చావు ఆలోచన ఎదురుగా ఉన్నంతసేపే ఆరోగ్యం గురించి ఆలోచిస్తాం. అది మనసు అడుగుకు చేరాక, మన విలువను పెంచే పనులవైపు మొగ్గుతామట. నా విషయంలో ఇది అక్షరాలా నిజం. వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, భయం ఒక్కటే నన్ను అంతదాకా లాగలేకపోతోంది. పైగా ఆ టెన్షన్‌లో కాస్త ఆయాసం వచ్చినా గుండె మీద చెయ్యి వేసుకుని ఆగిపోతున్నాను.

భయంతో మొదలుపెట్టి, తర్వాత దాన్ని అలవాటుగా మార్చుకున్నవాళ్లు ఉన్నారా? మధ్యలో వదిలేయకుండా మిమ్మల్ని ఆపిందేమిటి? దయచేసి కాస్త వివరంగా చెప్పండి.