అప్‌డేట్: కొరికే గుర్రప్పిల్ల ఇప్పుడెలా ఉందంటే

మా మార్వారీ గుర్రప్పిల్ల మనుషుల్ని కొరుకుతోంది, మీదమీదకొచ్చి తోస్తోంది, ఏం చేయాలి అని అడిగాను కదా, దాని సంగతే ఇది. ముందు, వచ్చినవాళ్లందరూ చేత్తో బెల్లం, క్యారెట్ పెట్టడం ఆపించాం. ఏదైనా బకెట్లోనే. కొరకడం సగం అక్కడే తగ్గింది. మూతి మీద ఒక్కటివ్వమన్న సలహా మాత్రం పాటించలేదు, ఎందుకంటే కొడితే దానికది ఆటైనా అయిపోతుంది, లేదా తల దగ్గరకి చెయ్యి వస్తేనే బెదిరిపోతుంది, ఇక హాల్టర్ (తలకి తగిలించే పట్టీ) వేసినట్టే! దానికి బదులు మీదకొచ్చినప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి నొక్కుతాం, ఒక్క అడుగు వెనక్కి వేయగానే వదిలేస్తాం. ఆ వదలడంలోనే ఉంది పాఠమంతా, ఆలస్యం చేస్తే దానికేం అర్థం కాదు.

నడిపించేటప్పుడు తల పట్టి లాగట్లేదు. లేత మెడ, వెనక్కి గుంజుకుని పడితే దెబ్బ తగులుతుంది. పిరుదుల చుట్టూ మెత్తటి తాడు వేసి, తల్లి ముందు నడుస్తుంటే వెనకనుంచి మెల్లగా తోస్తున్నాం. పని కాగానే హాల్టర్ తీసేస్తాం, చెవి గోక్కుంటూ వెనక డెక్క అందులో ఇరికించుకుంటుందని.

ముందు కాళ్లు ఎత్తనిస్తోంది. వెనక కాళ్లంటే ఇంకా టెన్షనే, అది లాక్కోకముందే మనమే దించాలి.

పాలు మాన్పించే టైమ్ దగ్గరపడింది, తల్లి నుంచి విడదీశాక తోడుకి మా దగ్గర ఇంకో గుర్రం లేదు. మేకని తోడు పెట్టినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.