దీవి మీది శిక్షణ పాఠశాలలో రక్తపిశాచి ప్రేమకథ: ఆ దీవికి కథలో పనేమిటి?

ప్రశ్న: నీలిసిరా

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్ల లోపు పాఠకులను దృష్టిలో పెట్టుకొని ఒక ప్రేమ నవల రాస్తున్నాను. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, జనం లేని ఒక చిన్న దీవి మీద, రక్తపిశాచులను వేటాడేవారికి శిక్షణ ఇచ్చే పాఠశాల ఉంటుంది. పంతొమ్మిదేళ్ల నాయిక అక్కడ చేరి, రాత్రిపూట పోరాటవిద్య నేర్పే గురువును ప్రేమిస్తుంది. అతడే ఒక రక్తపిశాచి అని సగం కథ గడిచాక ఆమెకు తెలుస్తుంది. రాసినంత వరకు చదివిన మిత్రులు రెండు మాటలు అన్నారు. ఈ కథ ఊటీలోని ఏ బోర్డింగు స్కూల్లో జరిగినా ఇలాగే ఉంటుంది కదా అన్నది మొదటిది. నాయిక ప్రేమ నమ్మేలా లేదన్నది రెండవది. ఈ రెండు లోపాలకూ మూలం ఒకటేనని నాకు అనిపిస్తున్నది కానీ, అదేమిటో పట్టుకోలేకపోతున్నాను. ఇలాంటి కథలను ఇష్టంగా చదివేవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు: ఉత్తరతీరం

నేను ఉద్యోగరీత్యా అబర్డీన్‌లో ఉంటున్నాను. ఇక్కడ సాయంత్రం ఓడ ఎక్కితే మరునాటి ఉదయానికి షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్ చేరుకుంటాము. ఆ ప్రాంతం సుమారు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల డిసెంబరు చివర పగలు 6 గంటలకు లోపే ఉంటుంది. జూన్‌లో దాదాపు 19 గంటలు ఉంటుంది, మిగిలిన ఆ కాసేపైనా చీకటి పూర్తిగా కమ్మదు. అర్ధరాత్రి కూడా ఉత్తరాన ఆకాశపు అంచున నిలిచి ఉండే ఆ వెలుగును అక్కడివారు సిమ్మర్ డిమ్ అంటారు. ఎండకు వెరచే గురువు ఉన్న పాఠశాలలో విద్యాసంవత్సరాన్ని నిర్ణయించడానికి ఈ ఒక్క విషయం చాలు. శిక్షణ అక్టోబరులో మొదలై మార్చిలో ముగియాలి. సంక్రాంతి దాటినప్పటి నుంచి వారిద్దరికీ దొరికే గంటలు రోజురోజుకూ తరిగిపోవాలి. ఊటీలో ఇది సాధ్యం కాదు.

వీలైతే మూసా అనే దీవి గురించి చదవండి. ఇప్పుడక్కడ ఎవరూ నివసించరు. సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన బురుజు ఒకటి, దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది, 13 మీటర్ల ఎత్తున ఇంకా నిలిచి ఉంది. దాని గోడ రెండు పొరలుగా ఉంటుంది. ఆ పొరల నడుమ ఇరుకైన మెట్లు చుట్టు తిరుగుతూ పైకి పోతాయి. వేసవి రాత్రుల్లో పిచ్చుకంత ఉండే స్టార్మ్ పెట్రెల్ పక్షులు సముద్రం మీద నుంచి ఆ రాళ్ల సందుల్లోని గూళ్లకు చేరుతాయి. వెలుగులో వస్తే పెద్ద పక్షుల వాత పడతాయి కనుక మసక చీకటి కోసం కాచుకొని వస్తాయి; గోడ దగ్గర నిలబడితే రాతి లోపలి నుంచి గురగురమనే శబ్దం వినిపిస్తుంది. శిక్షణ ముగిసి అతడు కనబడకుండా పోయిన వేసవిలో మీ నాయికను ఆ గోడ దగ్గర నిలబెట్టి చూడండి.

సాగాలనే పాత ఐస్లాండు వీరగాథల్లో రెండు జంటలు ఈ బురుజులోనే తలదాచుకున్నాయి. ఎగిల్ సాగాలో బ్యోర్న్, థోరా ఓడ పగిలి ఇక్కడ దిగి, పెళ్లి చేసుకొని చలికాలమంతా ఉండిపోయారు. ఆర్క్నీయింగా సాగాలో ఎర్లెండ్ అనేవాడు మార్గరెట్‌ను ఇక్కడికి తెచ్చుకోగా, ఆమె కొడుకు హరాల్డ్ ప్రభువు ముట్టడి వేసినా బురుజు లొంగలేదు. చివరికి హరాల్డే వారి పెళ్లికి ఒప్పుకోక తప్పలేదు.

జవాబు: పాతనవలలపెట్టె

పగటి వెలుగు గురించి పైవారు చెప్పినది బాగుంది. నేను నీటి గురించి చెబుతాను. ఎండ తగిలితే రక్తపిశాచి నశిస్తుందన్నది మనమనుకునేంత పాత నియమం కాదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాకులా పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు. అప్పుడు అతని శక్తులు పనిచేయవు, అంతే. సూర్యోదయంతో చావడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం నోస్ఫెరాతుతో వచ్చింది. కానీ స్టోకర్ నవలలోనే మరో నియమం ఉంది, దానిని ఇటీవలి రచయితలు దాదాపు వదిలేశారు: పారే నీటిని అతడు పోటు సమయంలోనో, ఆటుపోట్ల నడుమ నీరు నిలకడగా ఉన్నప్పుడో తప్ప దాటలేడు.

దీవి కథకు ఇంతకన్నా ఏం కావాలి? పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. గురువు పడవ ఎక్కే సమయం కూడా అలాగే జరుగుతూ ఉండటం నాయిక గమనించి, రేవు గదిలో గోడకు తగిలించిన ఆటుపోట్ల పట్టికతో సరిచూసుకున్న రోజున ఎవరూ చెప్పకుండానే ఆమెకు నిజం తెలిసిపోతుంది. 1980లలో వారపత్రికల క్షుద్ర సీరియళ్లను వారం వారం ఎదురుచూసి చదివినవాడిని. రహస్యాన్ని ఎవరో వచ్చి విప్పి చెప్పినప్పటికంటే పాత్ర తానే కనిపెట్టినప్పుడు పాఠకుడికి కలిగే ఆనందం వేరు.

జవాబు: తులసికోట

నీలిసిరా గారూ, మీ రెండవ సమస్య గురించి నేను మాట్లాడతాను, ఎందుకంటే ఈ తరహా నవలల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. అతడు గురువు, ఆమె ఉత్తీర్ణత అతని చేతిలో ఉంది. అతని వయసు వందల ఏళ్లు. పైగా దీవి దాటి పోయే దారి లేదు. ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు ఆమెది ప్రేమో, భయమో, దిక్కులేనితనమో పాఠకులకు తెలిసే వీలు లేదు. పైన చెప్పిన సాగా కథలు రెండింటిలోనూ మగవాడు స్త్రీని తీసుకుపోయాడని ఉంటుంది గానీ, ఆమె మనసులో ఏముందో దాదాపు ఉండదు. మీరు రాయవలసినది ఆ భాగమే అని నా నమ్మకం.

అందుచేత ఆమె పరీక్షలతో అతనికి సంబంధం లేకుండా చేయండి. ఆ తరువాత ఆమె చేతికి ఒక పడవ ఇవ్వండి. నిజం తెలిసిన రాత్రే ఆమె లెర్విక్ వెళ్లిపోవాలి, అక్కడ కొన్నాళ్లు మామూలు మనుషుల మధ్య బతకాలి, తిరిగి రావలసిన అవసరం ఏమీ లేకపోయినా తానే వచ్చేయాలి. నీటి నియమం వల్ల అతడు కోరినప్పుడు ఆమె వెంట పోలేడు. ఆమె మాత్రం ఏ గంటలోనైనా పోగలదు. అప్పుడు ఆ దీవి ఆమెకు చెర కాదు, అతనికి చెర. మీ మిత్రుల ప్రశ్నలు రెండింటికీ జవాబు ఇక్కడే ఉందని నాకు తోస్తున్నది.

నీలిసిరా

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆటుపోట్ల పట్టికనూ, నాయిక వెళ్లిపోవడాన్నీ తప్పక వాడుకుంటాను. పరీక్షలు పెట్టే బాధ్యతను వేరొక పాత్రకు అప్పగిస్తాను. ఉత్తరతీరం గారూ, నడి చలికాలంలో అలాంటి చిన్న దీవి నుంచి ఆమెను తీసుకుపోయే పడవ దొరుకుతుందా?

ఉత్తరతీరం

దొరకదు. మూసాకు సందర్శకులను తీసుకుపోయే పడవ వేసవి నెలల్లోనే నడుస్తుంది. చలికాలపు గాలివానల్లో అబర్డీన్ ఓడకే ఆటంకాలు వస్తుంటాయి. కాబట్టి ఆమెకే పడవ నడపడం వచ్చి ఉండాలి. అది మొదటి అధ్యాయాల్లోనే, అక్టోబరు సముద్రం మీద, పాఠశాల శిక్షణలో భాగంగా నేర్పించేయండి.