కీటో తిండి మెదడుకు మేలా, చేటా?

అలిపిరి_మెట్టు:
తిరుపతిలో పొద్దున నడకకు పోయేవాళ్ళ మధ్య ఇప్పుడిదే వాదన. అన్నం, సంగటి మానేసి కొవ్వు తింటే మెదడు చురుకవుతుంది, మతిమరుపు రాదు, మూర్ఛ కూడా తగ్గుతుంది అనేవాళ్ళు ఒక పక్క. మెదడుకు గ్లూకోజ్ తప్ప వేరే ఆధారం లేదు, అది ఆపితే కళ్ళు తిరిగి పడతారనేవాళ్ళు ఇంకో పక్క. తెలిసినవాళ్ళు లెక్కలతో చెప్పండి. ‘మా బావకు తగ్గింది’ కథలు వద్దు.

కపిలతీర్థం:
రెండు పక్కలా సగం సగమే నిజం. మెదడు బరువు ఒంట్లో 2 శాతం, ఇంధనం ఖర్చు 20 శాతం. మామూలు తిండి మీద రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజ్ లాగేస్తుంది. కొవ్వు ఆమ్లాలను నేరుగా కాల్చుకోవడం దానికి దాదాపు చేతకాదు. పిండిపదార్థం తగ్గి ఇన్సులిన్ దిగితే కాలేయం ఆ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. తమాషా ఏమంటే, వండిన కాలేయానికి ఆ వంట తినే ఎంజైమ్ లేదు, మొత్తం బయటికి వడ్డించాల్సిందే. ఎంసీటీ1 అనే రవాణా ప్రోటీన్ వాటిని మెదడులోకి చేరుస్తుంది. 1967లో అమెరికా పరిశోధకుడు జార్జ్ కాహిల్ బృందం వారాల తరబడి ఉపవాసం ఉన్న ఊబకాయుల్లో కొలిచి చూస్తే, మెదడు ఇంధనంలో సగానికి పైగా కీటోన్లే. మిగతాది గ్లూకోజే. తినకపోయినా కాలేయం, మూత్రపిండాలు దాన్ని గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుంచి తయారు చేస్తాయి.

మరి కళ్ళెందుకు తిరుగుతాయి? ఇన్సులిన్ దిగగానే మూత్రపిండాలు ఉప్పును, దాని వెంట నీళ్ళను వదిలేస్తాయి. మొదటి వారం తలనొప్పి, తూలుడు చాలావరకు దాని పనే. మన మే నెల ఎండలో, అదీ బీపీ మాత్రలు వేసుకుంటూ మొదలుపెడితే పడిపోవడం పెద్ద వింతేం కాదు.

చెనిక్కాయ_చట్నీ:
అయితే మేలనే కదన్నా తేలింది? ‘కీటోజెనిక్ డైట్’ అన్న పేరే మూర్ఛ వైద్యంలో పుట్టింది, 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టర్ పెట్టాడు. 2008లో లండన్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 145 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. మూడు నెలలకు ఈ తిండి మీద ఉన్నవాళ్ళలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, మామూలు తిండి వాళ్ళలో 6 శాతం మందికే. జబ్బు మెదడుకే ఇంత చేస్తే బాగున్న మెదడుకు ఎంత చేయాలి?

సంగటిముద్ద:
అక్కడే పప్పులో కాలేస్తున్నారు తమ్ముడూ. విరిగిన కాలికి కట్టిన కట్టు బాగున్న కాలికీ కడతామా?

ఆ పిల్లల తిండి నువ్వనుకునే కీటో కాదు. 4:1 నిష్పత్తి అంటే 4 గ్రాముల కొవ్వుకు ప్రోటీన్, పిండిపదార్థం రెండూ కలిపి 1 గ్రాము. ఈ 5 గ్రాములు కలిపి ఒక వంతు, అందులో 40 కేలరీలు. 18 కిలోల పాపకు 1200 కేలరీలు కావాలంటే 30 వంతులు: 120 గ్రాముల కొవ్వు, మిగతా రెండూ కలిపి 30 గ్రాములు. ఎదుగుదలకు కిలోకు ఒక గ్రాము చొప్పున 18 గ్రాముల ప్రోటీన్ తీసేస్తే పిండిపదార్థానికి మిగిలేది 12 గ్రాములు. 60 గ్రాముల రాగిపిండి పడిన సంగటి ముద్దలోనే అది 40 గ్రాములుంటుంది. గుప్పెడు చెనిక్కాయలు, అంటే 30 గ్రాములు, తింటే 5 గ్రాములు పోయినట్టే.

తప్పేది ఎక్కువగా వంటింట్లోనే. నూనె గరిటెతో కాదు, గ్రాముల కాటాతో తూచాలి. తూచి పోసినా, గిన్నెకు అంటిన నూనె పాప కడుపులోకి పోకపోతే నిష్పత్తి పడిపోతుంది. గిన్నె గీకి పెట్టాలి. రెండోది జ్వరం సిరప్పులు, వాటిలో చక్కెర ఉంటుంది. మాత్ర పొడి చేసి ఇవ్వండి. మూడోది క్యాజువాలిటీ: పాప కీటో తిండి మీద ఉందని ముందే చెప్పకపోతే అలవాటు కొద్దీ గ్లూకోజ్ నీళ్ళైన డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. షుగర్ పడిపోతే తప్ప ఉత్త సెలైన్ చాలు.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు తప్పవు. కొవ్వును కాల్చే ఎంజైముల్లో పుట్టుకతో లోపం ఉన్న బిడ్డకు ఈ తిండి ప్రాణం మీదికి తెస్తుంది. గ్లట్1 అనే గ్లూకోజ్ రవాణా ప్రోటీన్ లోపం ఉన్న బిడ్డకు మాత్రం ఇదే మొదటి మందు, గ్లూకోజ్ మెదడులోకి పోయే దారే సరిగా లేదు కాబట్టి. కిడ్నీలో రాళ్ళ భయం ఉంది, నీళ్ళు బాగా తాగించాలి. మూర్ఛ మందులు సొంతంగా ఆపితే మాత్రం నేరుగా ఐసీయూకే.

చెనిక్కాయ_చట్నీ:
సరే అక్కా, మూర్ఛ పక్కన పెడదాం. అల్జీమర్స్ మెదడు గ్లూకోజ్ సరిగా వాడుకోలేదు, కీటోన్లను మాత్రం వాడుకోగలదు అని స్కాన్లలో తేలింది. ముసలివాళ్ళకు రోజూ నాలుగు చెంచాల కొబ్బరినూనె పడితే తప్పేంది?

కపిలతీర్థం:
స్కాన్ మాట నిజం. దాన్ని బట్టి జ్ఞాపకశక్తి తిరిగొస్తుందనడం వేరే మాట. ఇప్పటిదాకా జరిగినవి చాలావరకు చిన్న పరీక్షలు, కొన్ని వారాలవి. కొందరిలో రోజువారీ పనులు కాస్త మెరుగు, జబ్బు ఆగిందన్న రుజువు లేదు. బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బుల మీద చేసినవీ అంతే. పోల్చుకోవడానికి రెండో గుంపే లేకుండా ఇరవై చిల్లర మందితో చేసింది చూసి మందులు మానేయకూడదు.

ఇక కొబ్బరినూనె. కీటోన్లు బాగా పుట్టించేవి సీ8, సీ10 అనే మధ్యరకం గొలుసు కొవ్వులు. కొబ్బరినూనెలో అవి రెండూ కలిపినా ఏడో వంతు దాటవు. సగం దాకా లారిక్ ఆమ్లమే. దానికి కీటోన్లు అంతగా రావు, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ మాత్రం పెరుగుతుంది. అన్నం మానకుండా పైన నూనె తాగితే అది ఉత్త నూనె తాగడమే.

ముసలివాళ్ళలో అసలు భయం వేరే ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతూ కీటో మొదలుపెడితే, మీటర్లో షుగర్ 200 లోపే ఉన్నా రక్తం ఆమ్లమైపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ బాగుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. మూత్రం పట్టీని నమ్మొద్దు, అది ఒక రకం కీటోనైన అసిటోఅసిటేట్‌నే చూపిస్తుంది. రక్తంలో ఇంకో కీటోన్, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ చూపించండి. కీటో తిండితో సాధారణంగా లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. ఒంట్లో బాగాలేక 3 దాటితే ఆసుపత్రికే.

అలిపిరి_మెట్టు:
నాకు అర్థమైంది. ఒక్కటి అడుగుతా అక్కా, తిరుపతిలో ఉంటూ మూర్ఛ పాపకు ప్రసాదం పెట్టకుండా ఎట్లా? ఒక్క లడ్డు ముక్కతో ఏమవుతుంది?

సంగటిముద్ద:
12 గ్రాముల కోటా పాపకు సగం లడ్డు అంటే ఒక రోజు కోటాకు మించి ఒక్కసారిగా. కీటోన్లు గంటల్లో పడిపోతాయి, ఫిట్స్ తిరగబెట్టొచ్చు. ప్రసాదాన్ని కళ్ళకద్దించి, లడ్డులోని జీడిపప్పు పలుకు ఒకటి తీసి, పాకం తుడిచి, ఆ పూట లెక్కలో వేసి పెట్టండి. అవ్వాతాతలకు కూడా ఇదే చెప్పి పెట్టండి, చాటుగా పెట్టేది వాళ్ళే.