నాన్న నా దగ్గర డబ్బు తీసుకోరు, మీ ఇళ్ళల్లో ఎలా ఒప్పించారు?

కోనసీమ అమ్మాయి:
మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్న కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేసేవారు, మోకాళ్ళు సహకరించక మానేశారు. ఆ ఉద్యోగానికి పింఛను లేదు. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను 4,000, కువైట్‌లో డ్రైవరుగా ఉన్న తమ్ముడు పంపేది, అంతే. వీసా కోసం తమ్ముడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. నేను హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికి 46,000 వస్తుంది. అద్దె, పాప స్కూలు ఫీజు, ఇంటి ఖర్చు పోను నెలకు 5,000 నాన్నకు ఇవ్వగలను. మా ఆయనకు అభ్యంతరం లేదు.

నాన్నే తీసుకోరు. "ఆడపిల్ల సొమ్ము మనకొద్దమ్మా" అంటారు. ఖాతాలో వేస్తే, మర్నాడే పక్కింటి కుర్రాడి చేత తిరిగి నాకే ఫోన్‌పే చేయించారు. మా ఇంటికి వచ్చినా అంతే. రెండు పూటలు భోంచేస్తే, వెళ్ళేటప్పుడు పాప గుప్పిట్లో 500 నోటు పెట్టి వేళ్ళు మూసి మరీ వెళ్తారు. అది ఆయన మందుల డబ్బు. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది.

నన్ను చదివించింది ఆయనే. ఎమ్మెస్సీ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టారు. ఆ చదువుతో వచ్చిన జీతం నేను కొడుకునైతే తినేవారు, కూతురిని కాబట్టి తినకూడదా? ఒకటో తేదీన సచివాలయం వాళ్ళు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చే డబ్బు తీసుకుంటారు కదా, నాదే ఎందుకు పనికిరాదు? అమ్మ చేతికి చాటుగా ఇచ్చేయమని తెలిసినవాళ్ళు అంటున్నారు. చాటుగా ఇవ్వడానికి నాకు మనసొప్పదు, నేనేం తప్పు చేయడం లేదు. నాన్న చేతికే ఇవ్వాలి. ఇలాంటి తండ్రిని ఒప్పించినవాళ్ళు ఉంటే చెప్పండి.

రిటైర్డ్ టీచర్, ఏలూరు:
అమ్మాయ్, మీ నాన్నది మొండితనం అనుకోకు. మా తాతగారు మా మేనత్త ఇంటికి వెళ్తే మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. అరుగు మీద కూర్చుని కూతుర్ని చూసుకుని, వేరే ఇంట్లో భోంచేసి వచ్చేవారు. కన్యాదానం చేశాక ఆ ఇంటిది ఏదీ తినకూడదని ఆ తరం పట్టింపు. "కూతురి మీద బతుకుతున్నాడు" అని వియ్యాలవారు ఒక్క మాట అంటే వాళ్ళకు తల తీసేసినట్టే.

అయితే ఆ పట్టింపు ఆడపిల్లకు ఆస్తిలో వాటా లేని రోజులది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం 1986లో చట్టం సవరించింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా పెళ్ళైన కూతుళ్ళకు కూడా ఇచ్చారు. అమ్మానాన్నలను పోషించే బాధ్యత పెళ్ళైన కూతురికీ ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. నా పెళ్ళి 1988లో. మా నాన్న అర ఎకరం నా పేరున రాశారు. చివరి రోజుల్లో మంచాన పడి నా దగ్గరే ఉన్నారు. వాటా ఇచ్చిన కూతురి ఇంట్లో తినడానికి ఆయనకు ఏ సంకోచమూ లేకపోయింది. మీ నాన్నకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పి చూడు.

కరీంనగర్ నాయిన:
నేనూ ఆడపిల్లల తండ్రినే తల్లీ. పెద్దబిడ్డ పైసలు పంపితే నేనూ వద్దన్నాను. నా భయం ఒక్కటే. రేపు వాళ్ళింట్లో ఏదన్నా గొడవైతే "అన్నీ మీ అయ్యకే పెట్టినవ్" అని నా బిడ్డను అంటారేమోనని. ఒకరోజు అల్లుడే వచ్చి నా పక్కన కూర్చుని "మామా, ఇది మేమిద్దరం అనుకున్న మాట" అన్నాడు. అప్పుడు తీసుకున్నాను. నువ్వెంత బతిమాలినా మీ నాయన వినడు, నీ భర్తతో చెప్పించు. మీ అత్తమ్మ ముందు చెప్పిస్తే ఇంకా మంచిది.

బ్యాంకు ఉద్యోగిని, విశాఖ:
మాటలు కుదిరేలోపు మాత్రలు మాత్రం ఆగకూడదు. రోజు విడిచి రోజు వేసుకోవడం చాలా ప్రమాదం. పీహెచ్‌సీలో బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు, ఈ వారమే అమ్మను పంపించండి. అక్కడ దొరకనివి ఉంటే ఊళ్ళో మందుల షాపులో ఖాతా పెట్టించి మీరు కట్టేయండి.

డబ్బు కొంచెం కూడాక నాన్న పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేయండి. 60 దాటితే చాలు, 1,000 నుంచి మొదలుపెట్టవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. కూతురు తండ్రికిచ్చే డబ్బు మీద పన్ను పడదు, ఆ టెన్షన్ వద్దు. పిల్లలిచ్చింది వద్దనే పెద్దవాళ్ళు కూడా వడ్డీ అనేసరికి తమ డబ్బులాగే తీసుకోవడం మా కౌంటర్ దగ్గర చూస్తుంటాను.

కోనసీమ అమ్మాయి:
అందరికీ థాంక్స్. దసరాకి వెళ్ళాం, మా అత్తగారు కూడా వచ్చారు. మా ఆయన మాట ఎత్తారు. నాన్న వద్దనబోతుంటే అత్తగారు, "అన్నయ్యగారూ, మీ అమ్మాయి జీతం మేమంతా తింటున్నాం. పెంచిన మీరు తినకపోతే మాకు బాగుండదు" అన్నారు. ఆవిడ అలా అంటారని నేను అనుకోలేదు.

నాన్న లోపలికి వెళ్ళి ఎర్ర అట్ట పద్దుల పుస్తకం తెచ్చారు. కొట్లో లెక్కలు రాసిన అలవాటే. కొత్త పేజీ తీసి, పైన "శ్రీరామ" అని రాసి, నా పేరున జమ 5,000 అని తేదీతో సహా వేసుకున్నారు. "ఇది అప్పమ్మా. పెరట్లో రెండు సెంట్ల జాగా నీ పేరున రాస్తాను, అందులో చెల్లు" అన్నారు. నేను జాగా కోసం ఇవ్వలేదు. కాదంటే వచ్చే నెల తీసుకోరేమోనని ఊరుకున్నాను. తమ్ముడికి ఈ సంగతి తెలియదు. వాడు అక్కడ అప్పు కట్టుకుంటూ పంపుతున్నాడు, వాడి పేరున ఒక్క పద్దు కూడా లేదు. వాడికీ ఒక పేజీ తెరవమని నాన్నను అడగనా?

రిటైర్డ్ టీచర్, ఏలూరు:
తప్పకుండా అడుగు. వాడు పంపింది కూడా లెక్కలోకి రావాలి. నాన్నను మాత్రం రాసుకోనివ్వు, ఆపకు. కువైట్‌లో శుక్రవారం సెలవు కదా, ఈ శుక్రవారమే తమ్ముడికి ఫోన్ చెయ్యి. జాగా సంగతి చుట్టాల నోట వినేకంటే నీ నోట వినడం మంచిది. రిజిస్ట్రేషన్ వాడు వచ్చాకే, మీరిద్దరూ ఉండగానే పెట్టుకోమను. వాడు మళ్ళీ సెలవుకి ఎప్పుడొస్తున్నాడు?