మన తల్లిదండ్రుల గ్రూపుకి సొంత పాడ్‌కాస్ట్ కావాలా, వద్దా?

కొత్తపేట అమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. మన గ్రూపు తరఫున తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెడదామని అడ్మిన్లు అడిగారు. రెండు వారాలకోసారి, పదిహేను నిమిషాలు, పిల్లల పెంపకం మీద మనవాళ్ళే మాట్లాడాలి. ఊ అనే ముందు ఇక్కడ మాట్లాడుకుంటే మంచిది.

నేనైతే కావాలంటాను. ఈ గ్రూపులో రాసేదీ చదివేదీ ఎక్కువగా నాలాంటి పాతిక, ముప్పై ఏళ్ళ తల్లులు. మరి మన గోదావరి వైపు పిల్లల్ని పెంచుతున్నది ఎవరు? రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు వెళ్ళి చూడండి. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటాడు. కొడుకూ కోడలూ హైదరాబాద్ ఉద్యోగాల్లో ఉంటే నాయనమ్మ దగ్గర. ఆ పెద్దవాళ్ళు మన పొడుగాటి పోస్టులు చదవరు. కొందరికి చదువు రాదు, వచ్చినవాళ్ళకి ఫోన్‌లో అక్షరాలు ఆనవు. చెవిన పడితే మాత్రం శ్రద్ధగా వింటారు. కొబ్బరి ఈనెలు చీరుతూ వింటారు, నర్సాపురం వైపైతే లేసు అల్లుతూ వింటారు.

పైగా బయట నేను విన్న పెంపకం పాడ్‌కాస్ట్‌లన్నీ అపార్ట్‌మెంట్ పిల్లల గురించే. మన పిల్లలు కాలవ గట్టు మీద నడిచి బడికి వెళ్తారు. ఇంటి వెనకే రొయ్యల చెరువు, చుట్టూ కంచె ఉండదు. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేశాక ఊరి చెరువులో నిలవ నీళ్ళే గతి, పిల్లలకి విరేచనాలు పట్టుకునేది ఆ రోజుల్లోనే. 2022 జూలై వరదలో గోదావరి మధ్య లంక ఊళ్ళ నుంచి పసిపిల్లల్ని ఎత్తుకుని పడవలెక్కిన తల్లులు మన గ్రూపులోనే ఉన్నారు. ఈ సంగతులు మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

భీమవరం నాన్న

ఆలోచన మంచిదే. చేసేది ఎవరు? పదిహేను నిమిషాలు వినడానికి తేలిగ్గా ఉంటుంది. దాని వెనక మాట్లాడేవాళ్ళని ఒప్పించాలి, రికార్డు చేయాలి, తప్పులు కోయాలి. అడ్మిన్లు ముగ్గురూ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలు పడుకున్నాక రాత్రి పదికి గ్రూపు చూస్తున్నారు. పోస్టు పెట్టి గంటల తరబడి జవాబు రాని తల్లుల్ని నేను చూస్తున్నాను. ఒక తల్లి అర్ధరాత్రి బిడ్డకి జ్వరం అని రాస్తే జవాబిచ్చే మనిషి ఉండటం నాకు పాడ్‌కాస్ట్ కన్నా ముఖ్యం. ఉన్న ఓపిక అటు పెడితే ఇటు ఖాళీ అవుతుంది. నా ఓటు వద్దు.

ద్రాక్షారామం టీచర్

చదువు లేనివాళ్ళకి గొంతుతో చేరడం మన తెలుగు నేల మీద జరిగిన పనే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. నడిపింది పల్లెటూరి దళిత మహిళలు. వాళ్ళ పంటలు, వాళ్ళ వంటలు, వాళ్ళ ఆరోగ్యం గురించి వాళ్ళ మాటలోనే ప్రసారం చేసుకున్నారు. అంతకు ముందు పిల్లల కోసం రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు ఉండేవారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ గొంతులు తలుచుకుంటారు.

ఇంకో లాభం, తెర ఉండదు. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలే వద్దు, అయిదేళ్ళ లోపు రోజుకి గంట దాటకూడదని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఆ సంగతి మనం వీడియోలో చెబితే అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని పిల్లాడూ చూస్తాడు.

పాలకొల్లు నర్సు

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. నాకు ఆశా ఉంది, భయం కూడా ఉంది. భయం సంగతి ముందు చెబుతాను.

జ్వరానికి వాడే పారాసెటమాల్ సంగతే చూడండి. చుక్కల మందులో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ ఒక రకంలో 5 ఎంఎల్‌కి 125, ఇంకో రకంలో అదే 5 ఎంఎల్‌కి 250. మూడింటి మీదా పేరు ఒకటే. "జ్వరమొస్తే అయిదు ఎంఎల్ పట్టండి" అని ఎవరైనా మంచి మనసుతోనే మైకులో అన్నారనుకోండి. చుక్కల సీసా చేతిలో ఉన్న అమ్మమ్మ అదే అయిదు ఎంఎల్ పట్టేస్తే పసిబిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు వెళ్తుంది. కాలేయం దెబ్బతింటుంది. రాసిన పోస్టులో ఇలాంటి తప్పు దొర్లితే కింద పది మంది వచ్చి దిద్దుతారు, అడ్మిన్ పోస్టు మారుస్తారు. గొంతులో వెళ్ళిన మాట కింద ఎవరూ వచ్చి దిద్దరు.

ఇక ఆశ. నేను వార్డులో రోజూ చెప్పేవన్నీ తల్లికి చెబుతున్నాను, ఇంటికి వెళ్ళాక చేతలు అమ్మమ్మవి, అత్తగారివి. పుట్టగానే తేనె నాకిస్తారు. ఏడాది లోపు బిడ్డకి తేనె ప్రమాదం, అందులో ఉండే ఒక సూక్ష్మక్రిమి విషానికి బిడ్డ కండరాలు చచ్చుబడతాయి. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోస్తారు. స్నానం చేయించి తలుపులేసిన గదిలో సాంబ్రాణి పొగ వేస్తారు, బిడ్డ ఆయాసంతో మా దగ్గరికి వస్తుంది. ఇవన్నీ బిడ్డ మీద ప్రేమతో చేసేవే. ఆ పెద్దవాళ్ళతో మర్యాదగా, కోప్పడకుండా మాట్లాడేవాళ్ళు కావాలి.

విరేచనాల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. మెడికల్ షాపులో అట్టపెట్టెలో అమ్మే తియ్యటి పానీయాన్ని ఓఆర్ఎస్ అనుకుని తాగించి, బిడ్డ ఇంకా నీరసించాక తెచ్చినవాళ్ళని చూశాను. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. ఆవిడ జనానికి చేరింది చాలావరకు తన గొంతుతోనే. అసలు ఓఆర్ఎస్ పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం సగం కలపకూడదు. ఈ ఒక్క మాట కోనసీమలో ప్రతి వంటింట్లో వినబడితే నాకు చాలు.

రాజమండ్రి సౌండ్

రికార్డింగ్ నా పని కాబట్టి నాలుగు మాటలు. ఖర్చు భయం పెట్టుకోకండి. మంచి ఫోను, చిన్న కాలర్ మైకు, ఫ్యాను ఆపిన పడకగది చాలు. బీరువా తలుపులు తీసి చీరల వైపు తిరిగి మాట్లాడితే గొంతు గదిలో ప్రతిధ్వనించదు. ఎడిటింగ్ నేను ఉచితంగా చేస్తాను, భీమవరం అన్నయ్య గారు చెప్పిన భారంలో అంతవరకూ తగ్గుతుంది. మాట మాత్రమే ఉన్న ఆడియోని 64 కేబీపీఎస్ మోనోలో చేస్తే పదిహేను నిమిషాలకి ఏడు ఎంబీ చిల్లర. సిగ్నల్ సరిగ్గా లేని లంకల్లో కూడా దిగుతుంది, వరదకి నెట్ పోయినా ఫోన్‌లో ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడ పెడతాం అన్నది. పాడ్‌కాస్ట్ యాప్‌లో పెడితే ఫైలు మన చేతిలో ఉంటుంది. తప్పుంటే ఆ ఫైలు తీసి సరైంది పెట్టొచ్చు, తర్వాత వినేవాళ్ళకి కొత్తదే వస్తుంది. కానీ మన అమ్మమ్మల ఫోన్లలో ఆ యాప్‌లు ఉండవు. యూట్యూబ్‌లో పెడితే, డబ్బు కట్టనివాళ్ళకి తెర ఆపగానే మాట ఆగిపోతుంది. వాళ్ళకి నిజంగా చేరేది వాట్సాప్ ఆడియోనే. అది ఒకసారి ఫార్వర్డ్ అయితే వెనక్కి రాదు. నర్సు గారు భయపడుతున్నది సరిగ్గా దీనికే. దిద్దుకోగలిగే దారిలో పెడితే అమ్మమ్మకి చేరదు, అమ్మమ్మకి చేరే దారిలో దిద్దుకోలేం.

కొత్తపేట అమ్మ

అయితే మందుల మోతాదు అన్న మాటే ఆడియోలో వద్దు. అంకె ఏదైనా మందుకి సంబంధించిందైతే "డాక్టరు రాసిన చీటీ చూడండి" అని ఆపేద్దాం. దిద్దాల్సిన అవసరం రాని మాటలే పంపుదాం. ప్రతి భాగం బయటికి వెళ్ళే ముందు నర్సు గారు వినాలి, ఆవిడ సరే అనకపోతే ఆపాలి.

ఊరు చెప్పని అమ్మ

నేను ఈ గ్రూపులో రాయడానికి కారణం నా పేరు కనబడకపోవడం. కాన్పయ్యాక నాకు బిడ్డని ముట్టుకోవాలనిపించని రోజులు ఉన్నాయి. ఇంట్లో చెబితే దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. ఇక్కడ రాశాకే అది జబ్బని, మందుందని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారని తెలిసింది. ఆ పోస్టు కింద మీరందరూ రాసిన మాటలు ఇప్పటికీ చదువుకుంటాను.

అదే నేను నా గొంతుతో చెబితే? మన వైపు ఒక గొంతు విని ఎవరింటి పిల్లో చెప్పేస్తారు. సంబంధాలన్నీ చుట్టుపక్కల ఊళ్ళలోనే. మా అత్తగారికి ఆ ఆడియో మూడో మనిషి నుంచి వచ్చేస్తుంది. వేరేవాళ్ళు చదివినా అంతే. కవలలు, ఏడో నెల కాన్పు అనగానే ఫలానా ఇంటి కోడలని తెలిసిపోతుంది. పాడ్‌కాస్ట్ మొదలైతే "మీ కథ చెప్పండి" అని అడగడం మొదలవుతుంది. అడ్మిన్లు అడిగితే కాదనలేక ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. ఒకసారి అలా బయటపడితే తర్వాత ఏ తల్లీ ఇక్కడ నిజం రాయదు. ఆ భయంతోనే వద్దంటున్నాను.

అమలాపురం లాయరు

పై అక్క మాటని చిన్నగా తీసుకోకండి. నేను చట్టం సంగతి కలుపుతాను. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరానికి గురైన పిల్లల, సాక్షులైన పిల్లల, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టే వివరం ఏదీ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టంలోనూ ఇలాంటి నిషేధమే ఉంది. "మా పక్కింటి పాపకి బడి ఆటోలో జరిగింది" అని జాగ్రత్త కోసం చెప్పినా మనం చిక్కుల్లో పడొచ్చు, ఆ పాప బతుకు అంతకన్నా చిక్కుల్లో పడుతుంది.

డబ్బు గురించి కూడా ముందే చెప్పాలి. వినేవాళ్ళు పెరిగాక డబ్బా పాలవాళ్ళూ సీసాలవాళ్ళూ ప్రకటన ఇస్తామని వస్తారు. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో కలిపి, డబ్బా పాలు, పాల సీసాలు, రెండేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే ఆహారాల ప్రకటనలని పూర్తిగా నిషేధించింది. పొగిడి చెప్పి బహుమతి పుచ్చుకోవడం కూడా ప్రచారమే అవుతుంది. ఆ దారి ఇప్పుడే మూసేయండి.

భీమవరం నాన్న

అంటే మందు చెప్పకూడదు, మన కథలు చెప్పకూడదు, డబ్బు తీసుకోకూడదు. ఇవన్నీ న్యాయమైన షరతులే, ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ తీసేశాక మిగిలేది ఆరోగ్య ప్రకటన. అది ఏఎన్ఎం గారు, ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి చెబుతూనే ఉన్నారు కదా. మన గ్రూపు బలం ఒక తల్లి ఇంకో తల్లితో మాట్లాడటం. అది లేని పాడ్‌కాస్ట్‌కి మన గ్రూపు పేరు దేనికి?

రాజోలు అమ్మమ్మ

బాబూ, నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే అదే రాస్తోంది, తప్పులుంటే ఏమనుకోకండి. మా అమ్మాయి కువైట్‌లో ఉంది. మనవడు నా దగ్గరే. ఇక్కడి పోస్టులు మా అమ్మాయి రాత్రి ఫోన్‌లో చదివి చెబుతుంది.

ఆశా అమ్మాయి వస్తుంది, టీకా తేదీ చెబుతుంది, వెళ్తుంది. మంచి పిల్ల. నాకు కావలసింది వేరు. వాడు రాత్రి వీడియో కాల్ పెట్టేశాక గంట సేపు ఏడుస్తాడు. వాళ్ళమ్మ ఫోన్ చేయగానే పారిపోయి తలుపు చాటున నిలబడతాడు, మాట్లాడడు. అది అక్కడ ఏడుస్తుంది, వీడు ఇక్కడ ఏడుస్తాడు. నేను ఎవరిని ఓదార్చాలి? ఇలాంటి ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోం, పెంచడం చేతకాలేదంటారని. ఇంకో అమ్మమ్మ ఏం చేసిందో వింటే నాకు ధైర్యంగా ఉంటుంది. మందులూ మాత్రలూ చెప్పకపోయినా ఫరవాలేదు.

ఊరు చెప్పని తల్లి భయం నిజమే, ఆ పిల్లని ఎవరూ అడగొద్దు. నా గొంతు గుర్తుపడితే పట్టనివ్వండి. ఈ వయసులో నాకు పోయేదేముంది, నేను మాట్లాడతాను.

అమలాపురం లాయరు

అమ్మమ్మ గారూ, మీ గొంతు మీ ఇష్టమండి. కథ మాత్రం మనవడిది కూడా. మీ అమ్మాయి గారిని అడగండి. పెద్దయ్యాక ఆ అబ్బాయి వింటాడు, వాడి స్నేహితులు కూడా వింటారు. తలుపు చాటున నిలబడటం లాంటి వివరం చెప్పాలో వద్దో ఆలోచించండి.

ఊరు చెప్పని అమ్మ

అడగకుండా తమంతట తాము వచ్చినవాళ్ళే మాట్లాడతారని, గ్రూపులో రాసిన ఏ పోస్టూ ఆడియోలోకి రాదని పైన పిన్ చేసి రాయండి. అప్పుడు నేను అడ్డు చెప్పను. వినడానికి మాత్రం వస్తాను.

కొత్తపేట అమ్మ

రాస్తాను, ఆ మాట అలాగే రాస్తాను. భీమవరం అన్నయ్య గారూ, రాత్రి పోస్టులకి జవాబిచ్చే అడ్మిన్లు ఈ పని ముట్టుకోరు. నేను, సౌండ్ తమ్ముడు, నర్సు గారు ముగ్గురమే చేస్తాం. మా వల్ల కాకపోతే ఆపేస్తాం. వరదల ముందు నాలుగు భాగాలు చేసి, ఎవరు విన్నారో ఇళ్ళకెళ్ళి అడుగుదాం.

భీమవరం నాన్న

అడ్మిన్లని వదిలేస్తే నాకు అభ్యంతరం లేదు. నాలుగు భాగాలయ్యాక మళ్ళీ ఓటు పెట్టాలి. చెరువుల చుట్టూ వల కంచె గురించి ఒక భాగం చేస్తే, మా వైపు రొయ్యల రైతులతో నేను మాట్లాడిస్తాను.

రాజోలు అమ్మమ్మ

మా అమ్మాయిని అడిగానమ్మా. వాడి పేరు చెప్పొద్దంది, తలుపు సంగతి వద్దంది. ఫోన్ పెట్టేశాక వాణ్ణి ఎలా పడుకోబెడతానో చెప్పమంది. ఆదివారం మధ్యాహ్నం వాడు నిద్రపోతాడు, అప్పుడు రండి.